ఇంట్లోనే సైకిలు

మా అనకాపల్లిలో చలికి సైకిలు ఆగదు, ఆగేది వానకే. మొన్న ముసురులో హైవే మీద మా అమ్మాయి జారిపడింది. వెనక లారీవాడు బ్రేకు వేయబట్టి దక్కింది. "ఇక గడప దాటితే ఒట్టే!" అంది వాళ్లమ్మ. పందెమా, రెండు నెలల్లో ఉంది. ఇంట్లో తొక్కే ట్రెయినరు కొందామని రాజీ కుదిర్చాను.

విచారిస్తే ఇవి మూడు రకాలట. మూడు గొట్టాల రోలర్లు బ్యాలెన్సు నేర్పుతాయి; ఏమరితే పడదోస్తాయి. వెనక చక్రాన్ని చిన్న గొట్టానికి ఆనించేది చవక. కాని టైరు అరుగుతుంది, మోత ఎక్కువ. చక్రం ఊడదీసి బిగించేది చప్పుడు చేయదు. ధర వింటే బెల్లం కూడా చేదవుతుంది!

కింది వాటాలో మామ్మగారి నిద్ర తలచుకుని, "మూడోదే కొందాం" అన్నాను, గుండె దిటవు చేసుకుని.

"వద్దు నాన్నా. అలాంటివాటికి చాలావరకు కరెంటు కావాలి. అయస్కాంతంతో బిగువిచ్చే రెండోది కరెంటు పోయినా తిరుగుతుంది. కింద మందపాటి రబ్బరు చాప వేద్దాం. మామ్మగారు లేచాకే తొక్కుతాను. కాకపోతే ఇంట్లో ఎదురుగాలి ఉండదు, చెమట ఆరదు. ఫ్యాను తప్పదు."

"మరి కరెంటు పోతే ఫ్యానో?" అన్నాను.

గడప దాటొద్దన్న ఆవిడే వంటింట్లోంచి అంది: "విసనకర్ర లేదూ? నేను విసురుతాలెండి!"