తోట లేని రంగస్థలము: మమకారమునకు నిజరూప దర్శనము

సింహాచల క్షేత్రమున శ్రీ వరాహ లక్ష్మీనృసింహ స్వామివారు సంవత్సరమంతయు చందనాచ్ఛాదితులై యుందురు. అక్షయ తృతీయ నాడు మాత్రమే ఆ చందనము తొలగించి, భక్తులకు నిజరూప దర్శనము కల్పింతురు. ఆ రాత్రియే మరల చందన సమర్పణ ఆరంభమగును. ఆవరణమునకు విలువ కలదు. ఆవరణము తొలగిన క్షణమునకును విలువ కలదు. ఈ రెండింటిని కలిపి గ్రహించు సాధకులకు, 1981లో పారిస్ నగరమున జరిగిన ఒక నాటక ప్రదర్శన విచారణీయము.

రష్యన్ రచయిత అంతోన్ చెకోవ్ చివరి నాటకము 'చెర్రీ తోట'. 1904 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటరు దానిని తొలిసారి ప్రదర్శించెను. కథ స్వల్పము. రానెవ్‌స్కయా యను భూస్వామిని ఐదేండ్లు విదేశములలో గడిపి, ఋణగ్రస్తమైన తన ఎస్టేటుకు తిరిగి వచ్చును. తోటను నరికి, ఆ భూమిని వేసవి విడిది గృహములకు కౌలుకిచ్చినచో అప్పు తీరునని లొపాఖిన్ అను వర్తకుడు పదే పదే చెప్పును. ఆమెయు, సోదరుడు గాయెవ్‌యు ఆ మాట చెవిన పెట్టరు. ఆగస్టు 22న తోట వేలమునకు వచ్చును. దానిని కొన్నవాడు ఆ లొపాఖినే. అతని తండ్రియు తాతయు అదే ఎస్టేటులో దాస్యము చేసినవారు.

తొలి ప్రదర్శనకు సారథియైన స్తానిస్లావ్‌స్కీ బాహ్య యథార్థతను కోరినవాడు. పక్షుల, కప్పల ధ్వనులను సైతము చేర్చదలచెను. చెకోవ్‌కు అది రుచింపలేదు. పీటర్ బ్రూక్ మాత్రము పారిస్‌లోని బూఫ్ ద్యు నోర్ అను పాత నాటకశాలలో దీనికి విరుద్ధ మార్గమును అవలంబించెను. చెట్టు లేదు, సౌధము లేదు. వన్నె తరిగిన గోడలు, నేలపై పరచిన తివాచీలు, అత్యల్ప సామగ్రి, వాటి నడుమ నటులు.

ఇచట పూర్వపక్షము ఒకటి కలదు. తోటయే కానరానిచో, దానిని కోల్పోయిన దుఃఖము ప్రేక్షకునకు ఎట్లు కలుగును? విష్ణువు అలంకారప్రియుడని నమ్మి నిత్యము పుష్పమాలలు సమర్పించు సంప్రదాయము, అలంకారమును వృథాయని ఎట్లు అంగీకరించును? ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ఆక్షేపము కాదు.

సమాధానము కొంత భరతముని యందే కలదు. నాట్యశాస్త్రము చెప్పిన కక్ష్యావిభాగమున, పాత్ర రంగముపై పరిక్రమించినంతనే స్థలము మారును. దుష్యంతుని రథవేగము అభినయము చేతనే భాసించును. కావున రిక్తరంగము భారతీయులకు వింత కాదు.

అంతకు మించిన సమాధానము నాటకమునందే కలదు. రానెవ్‌స్కయాకు తోట యనగా బాల్యము. ఆ చెంతనే ఏడేండ్ల కుమారుడు నదిలో మునిగి మరణించిన వ్యథ. లొపాఖిన్‌కు పితృపితామహుల దాస్యము. త్రొఫీమొవ్ అను విద్యార్థికి ప్రతి వృక్షమునుండి తొంగిచూచు పీడిత జీవులు. వేదికపై వృక్షములను నిలిపినచో అందరికిని ఒకే తోట కనబడును. వాటిని తొలగించినచో ఒక్కొక్కరి మమకారము వేరువేరుగా కనబడును. తోట భూమియందు గాక, 'నాది' అను వృత్తియందు ఉన్నదని అప్పుడు తెలియును.

గాయెవ్ నూరేండ్ల పుస్తకాల బీరువాను సంబోధించి గద్గదస్వరముతో ఉపన్యసించును. తనకు చలి సోకకుండ కోటు తెచ్చి యిచ్చు ఫీర్స్ అను 87 ఏండ్ల సేవకుని సంగతి మాత్రము విచారింపడు. అతనిని ఆసుపత్రికి పంపితిమని ఇంటివారందరు తలంతురు. తాళము వేసిన ఇంట ఆ వృద్ధుడు ఒంటరిగా మిగిలిపోవును. ఇది క్రౌర్యము కాదు, అనవధానము. శూన్యరంగమున చూపునకు వేరొక ఆశ్రయము లేదు గనుక, ప్రేక్షకుడు ఆ వృద్ధునే చూడవలసి వచ్చును. వస్తువుపై కార్చు కన్నీరు దయ కాజాలదు. స్వామికి పట్టువస్త్రము సమర్పించియు, ప్రాంగణము ఊడ్చు ముదుసలి పేరు ఎరుగని భక్తుడు గాయెవ్‌కు బంధువే.

అయినను రెండు జాగ్రత్తలు అవసరము. చెకోవ్ వైద్యుడు, రచయిత, వేదాంతి కాడు. అతనికి బలవంతముగా కాషాయము కట్టరాదు. రెండవది, రిక్తతయు ఒక వేషము కాగలదు. ఇదే బ్రూక్ 1985లో ఆవిన్యో సమీపమున సుమారు తొమ్మిది గంటల మహాభారతమును ప్రదర్శింపగా, ఇతిహాసమును దాని సంస్కృతినుండి వేరుచేసెనని భారతీయ విమర్శకులు కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపమున సారము లేకపోలేదు. చందనము ఒలుచుటకు కాలము, అధికారము, భక్తి కావలెను. ఒలుచుటయే పరమార్థము కాదు.

తోట కోసము దుఃఖించునపుడు ఇంటిలో ఎవరిని మరచితిమి? ఈ ప్రశ్నను రేకెత్తించు రంగస్థలము ఎంత శూన్యమైనను పరిపూర్ణమే.