డయాలసిస్: మెషీన్లు సరే.. ఫిస్టులా బాధ్యత ఎవరిది?

కిడ్నీ పేషెంట్ల గురించి చర్చ వస్తే మన దగ్గర ముందు అడిగే ప్రశ్న ఒకటే.. డయాలసిస్ మెషీన్లు ఎన్ని ఉన్నాయి? పేదలకు జిల్లా ఆస్పత్రుల్లో ఉచిత డయాలసిస్ పథకాన్ని కేంద్రం 2016లో తెచ్చింది. ఉద్దానం బాధితుల కోసం పలాసలో 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది. మంచిదే. కానీ ఒంట్లోంచి మెషీన్‌కి రక్తం వెళ్లే దారి సంగతేంటి?

ఆ దారే ఫిస్టులా. చేతిలో ధమనిని, సిరను ఆపరేషన్‌తో కలుపుతారు. సిర లావై సూదులకు రెడీ కావడానికి 6 వారాల నుంచి 3 నెలలు పట్టొచ్చు. అసలు చిక్కు ఇక్కడే. చాలామంది ఊపిరాడని స్థితిలో ఎమర్జెన్సీకి వస్తారు. అప్పటికి ఫిస్టులా ఉండదు. మెడలో పైపు వేసి డయాలసిస్ మొదలుపెడతారు. ప్రాణం నిలుస్తుంది. కానీ ఆ పైపుకి ఇన్ఫెక్షన్ సోకితే నేరుగా రక్తంలోకే పాకుతుంది. అందుకే వీలైనంత త్వరగా తీసేయాలి.

మరి ఎందుకు ఆలస్యం? నెఫ్రాలజిస్ట్ రాస్తారు. ఆపరేషన్ సర్జన్ చేస్తారు, ఒక్కోసారి వేరే సిటీలో. సూది గుచ్చేది టెక్నీషియన్. ఫిస్టులా సన్నబడితే బెలూన్‌తో తెరిచేది ఇంకో డాక్టర్. వీళ్లందరి మధ్య ఫైల్ పట్టుకుని తిరిగేది పేషెంటే!

ఇక్కడే టీమ్ కావాలి. ఎవరికి ఇంకా మెడలో పైపు ఉంది, ఎవరికి ఆపరేషన్ ఎప్పుడు అని లిస్ట్ పెట్టుకుని ఫాలోఅప్ చేసే ఒక నర్స్ ఉన్నా చాలా తేడా వస్తుంది. సూది తీశాక రక్తం ఆగకపోవడం, చెయ్యి వాయడం లాంటివి ముందు కనిపించేది డయాలసిస్ సిబ్బందికే. ఆ మాట అదే రోజు డాక్టర్‌కి చేరితే ఫిస్టులాని కాపాడుకునే ఛాన్స్ ఉంటుంది. ప్రతి పేషెంట్‌కీ ముందే ప్లాన్ ఉండాలని అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019 గైడ్‌లైన్స్ కూడా చెప్తున్నాయి.

ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. రోజూ ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూడండి. సన్నగా అదురుతూ ఉండాలి. ఆ అదురు ఆగిందా.. మరుసటి డయాలసిస్ దాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, బ్లడ్ శాంపిల్ తీయనివ్వొద్దు. బిగుతైన వాచీ, గాజులు వద్దు.

ఇకపై నాయకులు మెషీన్ల లెక్క చెప్తే ఇంకో లెక్క కూడా అడగాలి.. మెడలో పైపుతోనే నెట్టుకొస్తున్నవాళ్లు ఎంతమంది?