కప్ప తినట్లేదా? ముందు అది ఉన్న చోటు చూడండి

పోయిన వానాకాలం ఒక సోమవారం. ఓపీ కిటకిటలాడుతోంది. మొయినాబాద్ వైపు నుంచి ఒక తండ్రి ఏడేళ్ల కూతుర్ని చేవెళ్ల తీసుకొచ్చారు. పాపకు రెండు రోజులుగా జ్వరం, విరేచనాలు. నేను పొట్ట నొక్కి చూస్తుంటే ఆ పిల్ల అడిగింది: "డాక్టర్ అంకుల్, మా కప్ప నాలుగు రోజుల సంది ఏం తింటలేదు. దానిక్కూడా మందు రాస్తరా?"

తండ్రి కాస్త ఇబ్బందిపడ్డారు. ఇంటి వెనక పొలం గట్టు మీద దొరికిందట. బకెట్లో నల్లా నీళ్లు పోసి అందులో ఉంచారు. "అన్నం పెట్టినం, చపాతీ ముక్కలు పెట్టినం. నోరు తెరిచి పెట్టినా మింగుతలేదు సార్. ఆకలి పుట్టే సిరప్ ఏదన్నా ఉంటే చెప్పండి" అన్నారు.

మీరు నవ్వొచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పిల్లాడు అన్నం తినట్లేదని వచ్చే తల్లులు కూడా ముందు అడిగేది ఆకలి సిరపే. తినకపోవడం జబ్బు కాదు, ఒక లక్షణం. కారణం వెతకకుండా నోట్లో కుక్కడం వైద్యం కాదు. ఇది పిల్లలకూ వర్తిస్తుంది, కప్పకూ వర్తిస్తుంది.

ఎందుకు తినదు?

కప్ప కదిలే పురుగును చూసి నాలుక చాపుతుంది. కదలని అన్నం మెతుకు దానికి ఆహారంగానే కనిపించదు. పైగా దాని ఒంటి వేడి బయటి వేడిని బట్టి మారుతుంది. చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. పొడి కాలంలో మన పొలాల కప్పలు మట్టిలో దూరి నెలల తరబడి తిండి లేకుండానే గడుపుతాయి. కాబట్టి ఎదిగిన కప్ప నాలుగు రోజులు తినకపోతే వెంటనే ప్రమాదమేమీ లేదు. భయం, దాక్కునే చోటు లేకపోవడం, పదేపదే చేతుల్లోకి తీసుకోవడం కూడా ఆకలిని చంపేస్తాయి.

ఇంకో సంగతి. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. నల్లా నీటిలోని క్లోరిన్, మీ చేతికి అంటిన సబ్బు, దోమల మందు అన్నీ అలాగే లోపలికి పోతాయి. అందుకే మనుషుల సిరప్‌లు, ఆయింట్‌మెంట్లు దానికి వాడకండి. నోరు బలవంతంగా తెరవకండి, దవడ దెబ్బతింటుంది. మన దగ్గర కూరగాయలకు, పూలతోటలకు మందు కొడతారు. ఆ చేలలో పట్టిన పురుగులు పెడితే మందూ దాని కడుపులోకి పోతుంది.

ఒక్క రాత్రి ఉంచాల్సి వస్తే వెడల్పాటి డబ్బాలో తడి మట్టి, ఆకులు వేయండి. పక్కన లోతు లేని పళ్లెంలో వాన నీళ్లు పెట్టండి. మూతకు గాలి రంధ్రాలు చేసి నీడలో ఉంచండి. పొట్ట, తొడలు ఎర్రబడినా, ఒళ్లు ఉబ్బినా, ఒక పక్కకు ఒరిగి లేవలేకపోయినా అది జబ్బే. పశువైద్యుడికి చూపించండి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, మనకు దూరమేమీ కాదు.

చేతులు కడిగారా?

ఇక పిల్లల సంగతి. పైకి ఆరోగ్యంగా కనిపించే కప్పలోనూ సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. అమెరికాలో 2008-2011 మధ్య అక్వేరియంలో పెంచే చిన్న కప్పల ద్వారా 376 మందికి ఈ ఇన్‌ఫెక్షన్ సోకినట్లు తేలింది. వారిలో ఎక్కువమంది పిల్లలే. నేనడిగితే పాప బకెట్ దగ్గరే కూర్చుని బిస్కెట్లు తిన్నట్లు తెలిసింది. జబ్బు కప్ప వల్లే వచ్చిందని నేను తేల్చలేదు. కానీ విరేచనాలతో వచ్చిన పిల్లల ఇంట్లో ఏ జంతువు ఉందో డాక్టరుకు చెప్పాలి. కప్పను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఆ నీళ్లను వంటింటి సింకులో పోయకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలను, గర్భిణులను, కీమోథెరపీ తీసుకునేవారిని దానికి దూరంగా ఉంచాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పొలం కప్ప పెంపుడు జంతువు కాదు. వానలకు బెకబెకమనే ఇండియన్ బుల్‌ఫ్రాగ్‌కు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపేసింది. పంట పురుగులను తినే ప్రాణి కాబట్టి అది పొలంలో ఉంటేనే రైతుకూ మేలు. గండిపేట, హిమాయత్ సాగర్‌లకు నీరు చేర్చే ఈ నేలలో కుంటలు పూడి వెంచర్లు లేస్తున్నాయి. కప్పలు మన వాకిట్లోకి రావడంలో వింతేముంది?

ఆరోగ్యంగా ఉన్న కప్పను దొరికిన చోటే, సాయంత్రం పూట వదలండి. వేరే చెరువులో వదిలితే జబ్బులూ అక్కడికి చేరతాయి. జబ్బుగా ఉంటే ముందు చికిత్స చేయించండి.

ఆ తండ్రికి ఇదే చెప్పాను. వారం తర్వాత పాప చూపించుకోవడానికి వచ్చింది. విరేచనాలు తగ్గాయి. కప్పేదమ్మా అంటే, "గట్టు మీద ఇడిచిపెట్టినం అంకుల్. డాడీ చేతులు కడుక్కోమన్నడు, కడుక్కున్న" అంది.

ఆ రోజు నేను రాసిన మందుల చీటీ కన్నా ఆ రెండు పనులే ఎక్కువ పనిచేశాయనుకుంటాను.