మొదటి 95 ఎక్కడ ఆగిపోతోంది?

హెచ్‌ఐవీ మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మనం ఎలా రాస్తామో మీకు తెలుసు. 1986లో చెన్నైలో తొలి కేసులు, 1992లో న్యాకో, అక్కడి నుంచి ఐదు దశల జాతీయ కార్యక్రమం, 2004 నుంచి ఉచిత ఏఆర్‌టీ మందులు, 2017 చట్టం, 95-95-95 లక్ష్యం. చివర్లో 'ప్రజల్లో అవగాహన పెంచాలి' అనే వాక్యం. నా నోట్స్‌లోనూ అదే ఉండేది. ఆ చివరి వాక్యాన్ని కిందటేడు కొట్టేశాను. ఎందుకో చెబుతాను.

అశోక్‌నగర్‌లో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. అందులో ఒకడికి మూత్రంలో మంట, చీము మొదలయ్యాయి. నాకు చెప్పింది మాత్రం పది రోజుల తర్వాత. ఈలోగా మెడికల్ షాపులో 'వేడి చేసింది' అని చెప్పి, మూడు రోజులకు యాంటీబయాటిక్ తెచ్చుకుని మింగేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబర్ 1097 అని వాడికి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఈ టాపిక్‌లో మాక్ టెస్ట్ రాస్తే నాకంటే వాడికే ఎక్కువ మార్కులు వస్తాయి. వాడికి లేనిది అవగాహన కాదు. ఎవరైనా చూస్తారేమోనన్న భయం ఒక్కటే వాణ్ని ఆపింది.

తోడుగా ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీ రాసే చోట 'ఏం ప్రాబ్లం?' అని గట్టిగా అడిగారు. వెనక పెద్ద క్యూ. 'స్కిన్ ఎలర్జీ' అన్నాడు మావాడు. ఆ ఒక్క అబద్ధంతో వేరే గదికి వెళ్లి గంటన్నర కూర్చుని, మళ్లీ మొదటికొచ్చాం. చివరికి చేరాల్సిన చోటికి చేరాక కథ మారింది. కౌన్సెలర్ మేడమ్ తలుపు వేసి, మెల్లగా మాట్లాడారు. మందులు అక్కడే మింగించారు. వాడి సమ్మతి అడిగి హెచ్‌ఐవీకి, సిఫిలిస్‌కు రక్తం తీశారు. ఇన్‌ఫెక్షన్ సోకిన కొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చని, మూడు నెలలకు మళ్లీ రమ్మని చెప్పారు. భాగస్వామికి కూడా వైద్యం అవసరమని, లేకపోతే ఇది తిరిగి వస్తుందని వివరించారు. రిజల్ట్ ఏమైందన్నది వాడి సొంత విషయం. వాణ్ని అడిగే ఇంతవరకు రాశాను, అంతకుమించి రాయను.

ఒక చిన్న లెక్క

ఇంజినీరింగ్ చదివాను కదా, అంకెలు కనబడితే గుణించి చూడటం అలవాటు. 2023-24 నాటికి మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో 81 శాతానికి ఆ సంగతి తెలుసు. తెలిసినవారిలో 88 శాతం మందులు వాడుతున్నారు. వాడుతున్నవారిలో 97 శాతానికి వైరస్ అదుపులో ఉంది. మూడూ గుణిస్తే 69. అంటే వందలో 69 మందికి వైరస్ అదుపులో ఉంది. మూడు లక్ష్యాలూ అందితే అది 86 అవుతుంది.

ఇప్పుడు రెండో అంకెను మాత్రమే 95కు పెంచి చూడండి, ఫలితం 75. మొదటి అంకెను మాత్రమే 95కు పెంచండి, 81 వస్తుంది. వ్యవస్థ ఎక్కడ బిగుసుకుపోయిందో ఈ లెక్కే చెబుతోంది. దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని అంచనా. అందులో 19 శాతమంటే నాలుగున్నర లక్షలకు పైమాటే. వాళ్లకు తమ సంగతి తెలియదు. తెలిస్తే రోజుకో మాత్ర, అదీ ఉచితం. వైరస్ అదుపులోకి వచ్చి అలాగే నిలిచిన వ్యక్తి నుంచి లైంగికంగా అది మరొకరికి సోకదు. కాబట్టి చికిత్సే నివారణ కూడా. కానీ పరీక్ష దాకా రాని మనిషికి ఈ మాత్ర అందదు.

ఆ తలుపు ఏది?

పరీక్ష దాకా మనిషిని తెచ్చే అవకాశాల్లో ముఖ్యమైనది సుఖవ్యాధి లక్షణం. పుండు, స్రావం, గజ్జల్లో గడ్డ లాంటివి ఉన్నప్పుడు మనిషి ఎలాగూ వైద్యం కోసం వెతుకుతాడు. పైగా పుండు ఉంటే హెచ్‌ఐవీ సోకడం తేలిక, వాపు ఉన్నచోట వైరస్‌కు కావాల్సిన కణాలు ఎక్కువగా చేరతాయి. టాంజానియాలోని మ్వాంజాలో 1995లో వెలువడిన అధ్యయనంలో, ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో సుఖవ్యాధుల చికిత్స మెరుగుపరిస్తే కొత్త హెచ్‌ఐవీ కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. ఉగాండాలోని రాకాయ్‌లో కొన్ని నెలలకోసారి అందరికీ మందులు పంచితే మాత్రం హెచ్‌ఐవీ తగ్గలేదు. తేడాకు కారణాలపై చర్చ ఉంది. రెండు చోట్లా అంటువ్యాధి ఒకే దశలో లేదు. నేను తీసుకున్న పాఠం మాత్రం ఒకటే: లక్షణంతో వచ్చిన మనిషికి ఎప్పుడు వచ్చినా తెరిచి ఉండే తలుపు కావాలి.

మన దగ్గర ఆ తలుపు పేరు సురక్ష క్లినిక్. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి రంగుల కిట్లు ఇస్తారు. స్రావానికి బూడిద రంగు, పుండుకు తెలుపు, హెర్పిస్‌కు ఎరుపు. వచ్చిన రోజే వైద్యం అందడం దీని బలం. లక్షణమే లేని ఇన్‌ఫెక్షన్ తప్పించుకుపోవడం దీని బలహీనత. ముఖ్యంగా ఆడవాళ్లలో చాలా ఇన్‌ఫెక్షన్లు బయటికి కనబడవు. అందుకే వచ్చిన మగవాడి ద్వారా అతని భార్యకో, స్నేహితురాలికో వైద్యం చేరడం అంత ముఖ్యం. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ గొలుసు మొత్తం తెగిపోతుంది. మందు అరకొరగా పడుతుంది, పరీక్ష జరగదు, భాగస్వామికి కబురే అందదు.

'పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి చేస్తే సరి'

ప్రతి స్టడీ సర్కిల్‌లోనూ ఒకరు ఈ మాట అంటారు. మీరూ అనుకుని ఉండవచ్చు. కానీ పెళ్లి రోజు నెగెటివ్ అన్న కాగితం, పెళ్లయ్యాక జరిగేదానికి హామీ ఇవ్వదు. పుణెలోని సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చిన వివాహితల మీద 1997లో వెలువడిన అధ్యయనం, భర్త తప్ప మరొకరు తెలియని స్త్రీలలోనూ హెచ్‌ఐవీని చూపించింది. బలవంతం చేస్తే సర్టిఫికెట్ కొనుక్కునేవాళ్లు పెరుగుతారు, నిజంగా పరీక్షకు వచ్చేవాళ్లు తగ్గుతారు.

జీఎస్-4కు పనికొచ్చే ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. 1998లో మిస్టర్ ఎక్స్ కేసులో, రోగి స్థితిని బయటపెట్టిన ఆసుపత్రి వైపే సుప్రీంకోర్టు నిలిచింది. పెళ్లాడబోయే అమ్మాయి ఆరోగ్య హక్కును ముందు పెట్టింది. 2018 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఇంకాస్త జాగ్రత్తగా నడిచింది. సమ్మతి లేకుండా పరీక్ష లేదు, స్థితి బయటపెట్టడం లేదు. భాగస్వామికి నిజమైన ప్రమాదం ఉంటే, ముందు కౌన్సెలింగ్ ఇచ్చి, రోగికి చెప్పిన తర్వాతే వైద్యుడు ఆ భాగస్వామికి తెలపవచ్చు. అలా చెప్పడం వల్ల రోగికి, ముఖ్యంగా స్త్రీకి, హింస ఎదురవుతుందని అనుమానం ఉంటే చెప్పకూడదు. గోప్యతకూ ప్రజారోగ్యానికీ పడదనే ఆలోచనను ఈ చట్టం ఒప్పుకోలేదు. గోప్యత ఉంటేనే మనిషి వస్తాడు, మనిషి వస్తేనే వ్యాధి ఆగుతుంది.

అయితే చట్టం గదిలోపల అమలైతే చాలదు, చీటీ రాసే కిటికీ దగ్గరా అమలు కావాలి. రోగం పేరు అడగకుండా టోకెన్ నంబర్ ఇవ్వొచ్చు. మెడికల్ షాపువాళ్లకు శిక్షణ ఇచ్చి, దగ్గరి క్లినిక్‌కు పంపే బాధ్యత అప్పగించవచ్చు. సుఖవ్యాధితో వచ్చినవారిలో ఎందరికి హెచ్‌ఐవీ పరీక్ష జరిగింది, ఎందరి భాగస్వాములకు మందు అందింది అని కలెక్టర్ ప్రతి నెలా అడగవచ్చు. ఈశాన్య రాష్ట్రాల తర్వాత హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్నవాటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. రేపు మీలో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవచ్చు.

అంతవరకు ఒక పని చేయండి. ఈ టాపిక్ మీద మీ నోట్స్ తీసి, 'అవగాహన పెంచాలి' అన్న చివరి వాక్యాన్ని కొట్టేయండి. దాని బదులు ఇలా రాయండి: 'తెలిసినవాడు కూడా సిగ్గుపడకుండా రాగలిగే తలుపు పెట్టాలి.' మీ గదిలో ఎవరైనా పది రోజులుగా ఏదో దాస్తున్నారనిపిస్తే మాత్రం ముందు తోడు వెళ్లండి. ఆన్సర్ తర్వాత రాసుకోవచ్చు.