దిగుమతి సరుకు కాదు

పెద్దవాళ్లు యాక్షన్ ఫిగర్లు పోగేయడం అమెరికా నుంచి దిగుమతైన పిల్లచేష్ట అని మీ పత్రికలో రాశారు. చేష్ట సంగతి తర్వాత, దిగుమతి అన్నమాటే తప్పు. టైర్ల కంపెనీ ఎమ్మారెఫ్, అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన ఫన్‌స్కూల్, జి.ఐ. జో సైనికుల బొమ్మలను మన దేశంలోనే తయారుచేసి అమ్మింది. కొన్నిటికి అమెరికాలో లేని రంగులు వేసింది. ఇవాళ వాటికోసం అమెరికా వాళ్లే మనవైపు చూస్తున్నారు.

ఇక మగాళ్లకు బొమ్మలేమిటన్న వెటకారం. మగపిల్లలు 'డాల్' అంటే ముట్టరనే 1964లో హాస్‌బ్రో 'యాక్షన్ ఫిగర్' అన్న పేరు పుట్టించింది. మీ వ్యాసకర్త అరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చారు!

నిరుడు మా అటకమీది రేకుపెట్టెలో నా చిన్నప్పటి జి.ఐ. జో బొమ్మలు మూడు దొరికాయి. ఎత్తగానే ఒకడు నడుం దగ్గర రెండు ముక్కలయ్యాడు. మొండేన్నీ కాళ్లనీ లోపల పట్టి ఉంచే రబ్బరు రింగు ఎండి తెగిపోయింది. కుళాయి సామాన్ల కొట్లో సరిపోయే రింగు వెతికి, వీపు మీద స్క్రూ విప్పి బిగించాను. మా అబ్బాయి పక్కనే కూర్చుని టార్చి పట్టాడు. చేతిలో తుపాకీ దూర్చబోయి చిన్నప్పుడే విరగ్గొట్టిన బొటనవేలికి మాత్రం మందు లేదు.

విప్పని ప్యాకెట్లకు వేలు పోసేవాళ్లను ఏమన్నా అనుకోండి, నేను అడ్డురాను. నాది బొటనవేలు లేని బొమ్మ.

— కె. శ్రీనివాస్, తెనాలి