వంటింటి సొరుగూ, మన సర్దుబాటూ

మా వంటింట్లో గరిటెల సొరుగు ఆరునెలలుగా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. తెరవాలంటే ఎడంచేత్తో కింద ఎత్తిపట్టి, కుడిచేత్తో లాగాలి. మూయాలంటే మోకాలితో ఒక్క తోపు. మావారికి చెప్తే "ఆదివారం చూస్తాలే" అన్నారు. కార్పెంటరేమో "ఒక్క సొరుగు కోసం ఏం వస్తానమ్మా, ఇంకేమైనా పనులుంటే కలిపి చెప్పండి" అన్నాడు. ఇంకేముంది, నేను సర్దుకుపోయాను. మనకి బాగా వచ్చిన విద్య అదే కదా!

మొన్న మా అమ్మాయి గరిటె కోసం వచ్చి, అచ్చం నాలాగే ఎడంచేత్తో ఎత్తిపట్టి సొరుగు లాగింది. దానికి ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. నాకు మనసు చివుక్కుమంది.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. సామానంతా తీసేసి సొరుగు చివరిదాకా లాగితే, రెండు పక్కలా ఛానెల్ మీద చిన్న నల్ల ప్లాస్టిక్ మీటలు కనిపించాయి. మా దానికి ఒకటి పైకి, ఇంకోటి కిందికి ఒకేసారి నొక్కి లాగాలి. సొరుగు చేతిలోకి వచ్చేసింది. ఛానెల్ బాగానే ఉంది, స్క్రూల కన్నాలే వదులైపోయాయి. అగ్గిపుల్లల తలలు తుంచేసి, ఫెవికాల్‌లో ముంచి కన్నాల్లో దూర్చి, రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున పైకి పొడుచుకొచ్చిన ముక్కలు కోసేసి స్క్రూలు బిగించాను. మళ్ళీ ఎక్కించేటప్పుడు రెండు పక్కలా సమానంగా తొయ్యాలి. వంకరగా తోస్తే ఛానెల్ ఇరుక్కుపోతుంది. నాకది రెండోసారికి గానీ తెలియలేదు.

"ఇన్ని పనులు చాలవా, ఇది కూడా మన నెత్తినేనా?" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. కానీ బాగుచేయడానికి పట్టింది మహా అయితే ఓ గంట. సర్దుకుపోవడం మాత్రం ఆరునెలలు, మూడుపూటలా చేశాను. తడికి ఉబ్బి పొడిపొడిగా రాలే చెక్కయితే కార్పెంటర్ని పిలవాల్సిందే. కానీ అది తేలాలన్నా ముందు ఒకసారి విప్పి చూడాలిగా!

ఆదివారం మావారు సొరుగు లాగి, "బాగానే ఉందే!" అన్నారు.

కింది సొరుగు కూడా కిర్రుమంటోంది. స్క్రూడ్రైవర్ మా అబ్బాయి చేతికిచ్చాను. రోజూ అందులోంచి ప్లేటు తీసుకునేది వాడే మరి.