గ్రామఫోన్ ప్లేటు ముందు శిష్యరికం

సంగీత విద్వాంసుల జీవితచరిత్రలలో గురువు పేరు, గురువుగారి గురువు పేరు, విద్యాభ్యాసం సాగిన ఊరు, తొలి కచేరీ జరిగిన సభ తప్పనిసరిగా కనిపిస్తాయి. ఆ విద్వాంసుడు చిన్ననాట ఏ రికార్డును అరిగిపోయేదాకా విన్నాడు, ఎవరి ఇంట విన్నాడు, ముల్లును మళ్ళీ మళ్ళీ వెనక్కి తెచ్చి ఏ సంగతి దగ్గర పెట్టుకున్నాడు అన్న వివరాలకు మాత్రం వాటిలో చోటు దొరకడం అరుదు. గురుముఖతః వచ్చినదే విద్య అన్న సంప్రదాయ విశ్వాసం ఇందుకు ఒక కారణం కాగా, రికార్డు విని నేర్చామని చెప్పుకుంటే దొంగచాటు విద్యను ఒప్పుకున్నట్టవుతుందేమోనన్న బిడియం మరొక కారణం. అయినా సంగీతకారులు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు, తమను తీర్చిదిద్దిన రికార్డుల ప్రసక్తి రాకుండా ఉండదు. ఆ మాటలను కాలక్షేపపు కబుర్లుగా వదిలేయడం వల్ల సంగీత చరిత్రకు పనికివచ్చే ఒక ముఖ్యమైన ఆధారం చేజారిపోతోంది. రికార్డులో ఏముందో రికార్డు పెట్టుకుని ఎవరైనా తెలుసుకోవచ్చు గాని, దానిని విన్న కుర్రవాడి చెవికి ఏం వినబడిందో అతడు నోరు విప్పి చెబితే తప్ప మరెవరికీ తెలియదు.

ఈ రెండింటికీ మధ్య దూరం ఎంత ఉంటుందో గ్రహించడానికి ముందుగా ఆ యంత్రం సంగతి కొంత తెలియాలి. గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గానాన్ని ముద్రించిన నాటి నుంచి అర్ధ శతాబ్దానికి పైగా మన దేశంలో చలామణీ అయిన రికార్డు, లక్క కలిపిన ముద్దను అచ్చుపోసి చేసిన పెళుసైన ప్లేటు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాటను మాత్రమే ఇముడ్చుకోగలిగేది. తొలినాళ్ళ ముద్రణలలో ఆ 78 అన్న వేగం కూడా ఖాయం కాదు. కొన్ని అంతకంటే తక్కువ వేగంతోను, కొన్ని ఎక్కువ వేగంతోను ముద్రితమయ్యాయి. ఇంటిలోని పెట్టెకు చేత్తో కీ ఇవ్వాలి, స్ప్రింగు పట్టు సడలేకొద్దీ వేగం మందగించి శ్రుతి దిగిపోయేది. అందువల్ల ప్లేటు దగ్గర కూర్చుని పాట నేర్చుకున్నవాడు అందుకున్నది గాయకుడి అసలు శ్రుతి కాక, ఆ ఇంటి పెట్టె శ్రుతి అయ్యే అవకాశం ఎంతైనా ఉంది. ఎవరి గాత్రం ఎంత హెచ్చు శ్రుతిలో ఉండేదన్న విషయమై నేటికీ సాగే వాదాలలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది.

రికార్డు ఒక మనిషి జీవితాన్ని మలుపు తిప్పిన ఉదాహరణలలో మన దేశంలో అందరికీ తెలిసినది హిందుస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషిది. నేటి కర్ణాటకలోని గదగ ప్రాంతంలో 1922లో పుట్టిన ఆ బాలుడు ఒక దుకాణంలో మోగుతున్న అబ్దుల్ కరీం ఖాన్ రికార్డును, అందులోని ఝింఝోటి రాగపు ఠుమ్రీని విని, అలా పాడడం నేర్చుకుని తీరాలని 1933లో, పదకొండేళ్ళ వయసులో, ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఠుమ్రీ అంటే శృంగార విరహాలు ప్రధానమైన, సాహిత్య భావాన్ని స్వరంతో పలు విధాల పలికించే లలిత శాస్త్రీయ రచన. గురువు కోసం గ్వాలియర్, కలకత్తా, జలంధర్ తిరిగిన ఆ బాలుడికి జలంధర్‌లో వినాయకరావు పట్వర్ధన్ ఇచ్చిన సలహా, సొంత ప్రాంతానికి తిరిగి వెళ్ళి సవాయి గంధర్వను ఆశ్రయించమని. ధార్వాడ ప్రాంతంలోని కుందగోళలో ఉన్న ఆ సవాయి గంధర్వ సాక్షాత్తూ అబ్దుల్ కరీం ఖాన్ శిష్యుడు. ఏ గొంతు ఇల్లు విడిపించిందో ఆ గొంతు నేర్పిన విద్య ఇంటికి దాపుననే ఉందన్నమాట. మూడు నిమిషాల ప్లేటు ఆకలిని రేపింది గాని, ఆ ఆకలి తీరడానికి కుందగోళలో ఏళ్ళ తరబడి గురుశుశ్రూష కావలసివచ్చింది. రికార్డు గురువుకు ప్రత్యామ్నాయమా కాదా అన్న చర్చ సంగీత సభలలో అప్పుడప్పుడు వేడెక్కుతూ ఉంటుంది. భీమ్‌సేన్ జోషి విషయంలో రికార్డు గురువు ఇంటికి దారి చూపింది, అంతకు మించి ఆయనకు అది చేయవలసింది కూడా లేదు.

ఆ అబ్దుల్ కరీం ఖాన్ ముద్రణలతో తెలుగువారికి ఒక దగ్గరి బంధం ఉంది. మైసూరు ఆస్థానంతోను, దక్షిణాది విద్వాంసులతోను పరిచయం పెంచుకుని కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా పరిశీలించిన ఆ కిరానా ఘరానా గాయకుడు ఖరహరప్రియలో త్యాగరాజస్వామి కీర్తన ఒకదాన్ని తెలుగు సాహిత్యంతోనే రికార్డుకు పాడాడు. ఘరానా అంటే గానశైలినీ, బాణీలనూ తరతరాలుగా నిలుపుకొస్తున్న హిందుస్తానీ గురుపరంపర. ఉత్తరాది గాయకుడి నోట మన మాటలు కొంచెం ఒరిగి పలుకుతాయి, కర్ణాటక గమకం ఉండవలసిన చోట కిరానావారి దీర్ఘమైన నిలకడ వినిపిస్తుంది, అయినా ఆ ఆర్తి మాత్రం త్యాగరాజస్వామిదే అనిపిస్తుంది. ఈ ముద్రణకు రావలసినంత ప్రచారం తెలుగునాట రాలేదన్నది విచారించవలసిన విషయం.

రికార్డు పిలుపుగా పనిచేయడం ఒక సంగతి, పాఠశాలగా పనిచేయడం మరొక సంగతి. రెండో దానికి చక్కని ఉదాహరణలు హిందుస్తానీ గాయకుడు కుమార్ గంధర్వ, అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమెరీ. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరూ ఒకే మెట్టు ఎక్కి, ఒకే చోట ఆగి, అక్కడి నుంచి ఎవరి దారి వారు వెతుక్కున్నారు. 1924లో పుట్టిన కుమార్ గంధర్వ పసితనంలోనే ప్రసిద్ధ గాయకుల రికార్డులు విని, వారి గొంతులోని విరుపులతో సహా యథాతథంగా పాడి సభలను విస్మయపరిచాడు. ఆ తరువాత బొంబాయిలో బి.ఆర్. దేవధర్ దగ్గర చేరాకనే రాగాన్ని స్వయంగా ఆలోచించడం మొదలైంది. మాంట్‌గోమెరీ పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ వయసులో గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, స్వరలిపి చదవడం రాకపోయినా, అందులోని సోలోలను ఒక్కొక్కటిగా చేతికి తెచ్చుకున్నాడు. సోలో అంటే వాద్యబృందం వెనుక నుంచి తోడు పలుకుతుండగా ఒక వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లుకుపోయే ఒంటరి వాదనం. వాటిని వాయించినందుకే ఒక క్లబ్బులో అతడికి కొలువు దొరికింది. నేర్చుకున్న సోలో అయిపోగానే వాయించడానికి ఇంకేమీ ఉండేది కాదని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. ప్లేటు గురువుకు అంతులేని ఓపిక ఉంది, నూరుసార్లు అడిగినా విసుగు లేకుండా అదే సంగతి వినిపిస్తుంది. తప్పు పాడిన శిష్యుణ్ణి దిద్దదు, పాట ముగిసిన తరువాత ఏం పాడాలో చెప్పదు. ఆ తరువాతి స్వరం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే కళాకారుణ్ణి అడగదగిన ప్రశ్న, అది చాలా ఇంటర్వ్యూలలో అడగకుండానే మిగిలిపోతుంది.

శిష్యుడు ప్లేటును మచ్చిక చేసుకోవడానికి పన్నిన ఉపాయాలు కూడా చరిత్రలో భాగమే. కొన్ని టర్న్‌టేబుళ్ళలో 33 చుట్ల వేగంతో పాటు దానిలో సగం వేగం కూడా ఉండేది. ఆ సగం వేగంలో పెడితే పాట నిడివి రెట్టింపై, శ్రుతి సరిగ్గా ఒక స్థాయి దిగి, మధ్యస్థాయి షడ్జం మంద్రస్థాయి షడ్జంగా వినిపిస్తుంది. స్వరాలు మారవు గనుక, మామూలు వేగంలో మెరుపులా దాటిపోయే గమకం ఏ స్వరం మీద మొదలై దేనిని తాకి ఎక్కడ వాలిందో విడదీసి వినవచ్చు. ఎందరో జాజ్ వాద్యకారులు ఈ పద్ధతిలో కఠినమైన సోలోలను విప్పి చూసుకున్నారు.

వినడంలో జరిగే పొరపాటు విద్యను చెడగొట్టకపోగా పెంచిన సందర్భాలూ ఉన్నాయి. మిసిసిప్పీ ప్రాంతపు బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరాలలో శాన్ ఆంటోనియో, డాలస్ నగరాలలో 29 పాటలు ముద్రించి, 1938లోనే కన్నుమూశాడు. బ్లూస్ అంటే అమెరికాలోని నల్లజాతి ప్రజల కష్టసుఖాల నుంచి పుట్టి, తరచుగా పన్నెండు తాళ విభాగాల ఆవృతంలో నడిచే గానం. ఆ ముద్రణలలో పదహారింటిని 1961లో కొలంబియా సంస్థ ఎల్.పి. అనే దీర్ఘ నిడివి రికార్డుగా వెలువరించినప్పుడు అది బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్ వంటి సంగీతకారులకు పాఠ్యగ్రంథమైంది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ జాన్సన్ పాటను మొదటిసారి విన్నప్పుడు, అతడితో పాటు వాయిస్తున్న రెండో వ్యక్తి ఎవరని అడిగాడు. రెండో వ్యక్తి లేడు. బొటనవేలు మంద్ర తీగల మీద నడకను నిలుపుతుంటే, మిగిలిన వేళ్ళు పై తీగల మీద వేరే పాటను పలికిస్తున్నాయి. వీణలో చిటికెనవేలు తాళపు తంత్రులను మీటుతుండగా పై తంత్రుల మీద రాగం సాగడం ఎరిగిన తెలుగు శ్రోతకు ఈ రహస్యం తేలికగానే బోధపడవచ్చు గాని, కంటికి ఏమీ కనబడని ప్లేటు ముందు కూర్చున్న లండన్ యువకుడికి అది ఇద్దరు మనుషుల పనిగానే వినిపించింది. ఒక్కడే వాయిస్తున్నాడని గ్రహించిన నాడు గిటారు ఎంతవరకు వెళ్ళగలదన్న అతడి అంచనాయే మారిపోయింది. జాన్సన్ ఎదురుగా కూర్చుని నేర్పి ఉంటే ఆ ఆశ్చర్యం కలిగేదే కాదు.

అరవయ్యవ దశకంలో ఒక రికార్డు మరొక రికార్డును కన్న కథ పాశ్చాత్య సంగీతకారుల సంభాషణలలో తరచుగా వస్తుంది. 1965 డిసెంబరులో వచ్చిన బీటిల్స్ బృందపు 'రబ్బర్ సోల్' ఆల్బం, అంటే ఒకే కవరులో ఒక సంకలనంగా వెలువడిన పాటల సంపుటి, బీచ్ బాయ్స్ బృందానికి చెందిన బ్రయన్ విల్సన్‌ను కదిలించింది. పాటలన్నీ ఒక కుటుంబంలా కలిసి ఉన్నాయనీ, చోటు నింపడానికి పెట్టినది ఒక్కటీ లేదనీ అతడు భావించాడు. ఆ ప్రేరణతో 1966 మే నెలలో 'పెట్ సౌండ్స్' వచ్చింది. అది బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీని పట్టుకుంది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' వెలువరించారు. 'పెట్ సౌండ్స్' లేకపోతే అది పుట్టేది కాదని వారి నిర్మాత జార్జ్ మార్టిన్ స్వయంగా చెప్పాడు. ఇంతవరకు అందరూ చెప్పేదే. అయితే బ్రిటన్‌లో 14 పాటలతో వచ్చిన 'రబ్బర్ సోల్' నుంచి అమెరికాలో కాపిటల్ సంస్థ నాలుగు పాటలు తీసేసి, అంతకుముందు 'హెల్ప్' బ్రిటిష్ ఆల్బంలో వచ్చిన రెండింటిని చేర్చి, 12 పాటలతో విక్రయించింది. ఆ మార్పుతో అమెరికా ప్రతి మరింత మెత్తగా, జానపద ఛాయతో, ఏకరీతిగా తయారైంది. విల్సన్ చేతికి వచ్చింది ఆ ప్రతి. అతడిని కదిలించిన ఏకత్వంలో కొంత భాగం బీటిల్స్ అమర్చినది కాదు, వ్యాపార సంస్థ కత్తెరలో పుట్టినది. రచయిత ఉద్దేశించని గుణాన్ని ఒక శ్రోత అందులో చూసి, దానిని తన కృషితో నిజం చేసి చూపించాడు. ఏ దేశంలో అచ్చైన ప్రతి విన్నాడన్న చిన్న వివరం లేకపోతే ఈ చరిత్ర సగం మాత్రమే అర్థమవుతుంది.

1948లో కొలంబియా ప్రవేశపెట్టిన ఎల్.పి. రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా వినిపించగలగడం హిందుస్తానీ సంగీతానికి ఎంత మేలు చేసిందో గాయకుడు అమీర్ ఖాన్ పాడగా 1960లో వచ్చిన మార్వా, దర్బారీ రికార్డు చెబుతుంది. రెండు వైపులా రెండు రాగాలు మాత్రమే ఉన్న ఆ ఎల్.పి.లో అతివిలంబ ఖయాల్, అంటే తాళం ఒక్కో ఆవృతం తిరగడానికి ఎంతో సమయం తీసుకునే నిదానమైన గానం, మొదటి నుంచి తన సహజమైన నడకతో వినవచ్చు. మూడు నిమిషాల ప్లేటులో రాగం ముఖచిత్రం మాత్రమే దొరికిన తరానికీ, రాగాన్ని మెట్టు మెట్టుగా ఎక్కించే పద్ధతి దొరికిన తరానికీ వినికిడిలోనే తేడా ఉంది.

తెలుగునాట ఈ పరిశీలనకు దొరికే సామగ్రి తక్కువది కాదు. పౌరాణిక నాటక పద్యం రంగస్థలం మీద 'వన్స్‌మోర్' కేకలతో, చివరి పాదం మీద సాగే సుదీర్ఘ రాగాలాపనతో పెరిగిన కళ; అది ప్లేటు మీదికి ఎక్కేసరికి మూడు నిమిషాల హద్దు వచ్చిపడింది. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా అభ్యసించిన ఘంటసాల, కరుణశ్రీ పద్యాలను 'పుష్పవిలాపం'గా పాడినప్పుడు రాగం పద్యాన్ని మింగేయకుండా, ప్రతి మాటా తేటగా వినిపించే ఒక మితమైన బాణీ స్థిరపడింది. ఆ మితం ఆయన రసజ్ఞత ఫలమే అయినా, ప్లేటు విధించిన హద్దు కూడా దానికి తోడ్పడిందని భావించడం అసంగతం కాదు. పాఠశాల వార్షికోత్సవాలలో, పాటల పోటీలలో ఆ పద్యాలను తెలుగు పిల్లలు దశాబ్దాలుగా పాడుతూనే ఉన్నారు, వారిలో ఛందస్సు తెలిసి పాడినవారి కంటే రికార్డు విని విరుపు పట్టుకున్నవారే ఎక్కువగా ఉంటారు. పద్యం ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుగువారికి నేర్పినవాటిలో ఆ రికార్డుకు పెద్ద చోటే ఉంది, ఆ సంగతిని పాడినవారి నోట విని నమోదు చేసిన గ్రంథం మాత్రం రావలసి ఉంది.

మధురైలో బాల్యం గడిపిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, గ్రామఫోన్ రికార్డులు విన్న ఉత్సాహంతో కాగితాన్ని బాకాలా చుట్టి అందులోకి గంటల తరబడి పాడుకునేదన్న సంగతి ఆమెతో సన్నిహితంగా మాట్లాడినవారు రాసి ఉంచడం వల్లనే లోకానికి తెలిసింది. తన గొంతు యంత్రంలోంచి ఎలా వినబడుతుందో ఊహించుకుంటూ పెరిగిన పిల్ల ఆమె. తరువాతి కాలంలో మైకు ముందు ఆమె చూపిన స్వర నియంత్రణను వివరించడానికి ఇటువంటి ఒక్క వాక్యం పది పొగడ్తల కంటే ఎక్కువ పనికివస్తుంది.

78 చుట్ల ప్లేట్లు విని పెరిగిన తెలుగు సంగీతకారులు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు, క్యాసెట్లతో పెరిగినవారు నడివయసు దాటుతున్నారు. వారితో సంభాషించే సంపాదకులు, పరిశోధకులు 'మీకు ఇష్టమైన రికార్డు ఏది' అన్న ప్రశ్నతో ఆగిపోతే ఒక పేరు మాత్రమే దొరుకుతుంది. పెట్టె ఎవరిది, శ్రుతి ఏ మేరకు దిగేది, కీ ఎవరు ఇచ్చేవారు, ఏ సంగతి దగ్గర ముల్లు వెనక్కి వచ్చేది, విన్నదానిలో ఏది తప్పుగా వినబడి తరువాత సరిపడింది, ఏది తప్పుగానే నిలిచి సొంత బాణీ అయింది, ఇంట్లో గురువుగారికి తెలియకుండా విన్నది ఏది అన్నవి అడగాలి. ఆ సంభాషణలు రికార్డు పక్కన పెట్టుకుని, వింటూ జరగాలి; జ్ఞాపకం ఎక్కడ తడబడుతుందో ప్లేటే చూపిస్తుంది. ఈ పత్రిక రానున్న సంచికలలో అటువంటి సంభాషణలకు పుటలు కేటాయిస్తుంది. రాసి పంపేవారు రికార్డు మీది కంపెనీ పేరును, ప్లేటు సంఖ్యను, ఏ వైపు విన్నదీ తప్పక పేర్కొనాలి.